కారిడార్లో కాఫీ ఉందా?

చేతిలో ఖాళీ కప్పుతో మెట్లు దిగుతున్నారు మీరు. ఒక అంతస్తు దిగి మలుపు తిరిగారు, ఇంకో అంతస్తు. తలలో ఇంకా ఆ ప్రోగ్రామే తిరుగుతోంది. నెట్‌వర్క్‌లో ఎక్కడో ఒక ప్యాకెట్ దారి తప్పుతోంది, ఎందుకో మధ్యాహ్నం నుంచీ అంతు చిక్కడం లేదు. వేడి కాఫీ గుక్కెడు గొంతులో పడితే చిక్కు విడుతుందేమోనని ఆశ. తలుపు తోసుకుని కారిడార్లో అడుగు పెట్టగానే మాడువాసన తగిలింది. సంగతి అర్థమైపోయింది. ట్రోజన్ రూమ్ అనే గది బయట ఫిల్టర్ కాఫీ మెషీన్ ఆన్‌లోనే ఉంది. గాజు జగ్గు అడుగున మాత్రం నల్లటి చార, దాని మీద ఎండిపోతున్న నాలుగు చుక్కలు. మీకంటే ముందొచ్చినవాళ్లు మొత్తం ఊడ్చేశారు.

ఇది 1991. మీరున్నది ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ లేబొరేటరీలో. ఊరి నడిబొడ్డున, న్యూ మ్యూజియమ్స్ సైట్ అనే పాత ఆవరణలో ఉంటుంది. పక్కనే పాత కావెండిష్ ప్రయోగశాల, 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టింది అందులోనే. మీ లేబొరేటరీ కూడా తక్కువ తినలేదు. 1949 మే 6న మారిస్ విల్క్స్ బృందం కట్టిన ఎడ్‌శాక్ కంప్యూటర్ మొదటి లెక్క చేసింది ఇక్కడే. అంత చరిత్ర ఉన్న చోట, మీతోపాటు ఒకే రకం పరిశోధనలో ఉన్న సుమారు పదిహేను మందికి కాఫీ మెషీన్ మాత్రం ఒక్కటే. పరిశోధక విద్యార్థుల జేబులు ఏ దేశంలోనైనా అంతంతమాత్రమే కదా.

కొంతమందికి సీటు ట్రోజన్ రూమ్‌లోనే. వాళ్లు కుర్చీ వెనక్కి నెట్టి రెండడుగులు వేస్తే జగ్గు చేతికందుతుంది. రాత్రంతా మెలకువగా ఉండి కోడ్ రాసేవాళ్లూ వాళ్లే. తాజా కాఫీ దిగిందని ముక్కుకు తెలిసేదీ ముందు వాళ్లకే. మీలాంటివాళ్లు భవనంలో వేరే మూలల్లో, వేరే అంతస్తుల్లో ఉంటారు. ఇన్ని మెట్లు దిగి వచ్చాక ఖాళీ జగ్గు కనిపిస్తే, మళ్లీ కాఫీ పెట్టి, అది బొట్టుబొట్టుగా దిగేదాకా అక్కడే కాళ్లు పీకేలా నిలబడాలి. లేదంటే ఉసూరుమంటూ మళ్లీ పైకెక్కాలి. పైకెక్కాక తెగిన ఆలోచన అతకడానికి అరగంట. వీధి కుళాయికి నీళ్లు వచ్చాయో లేదో తెలియక బిందెతో వెళ్లి తిరిగొచ్చినవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

వాడల్లో ఇలాంటిది తలెత్తితే గొడవ పడతాం, లేదా ఎవరికి వారు ఇంట్లో ఒక మెషీన్ కొనుక్కుంటాం. ఇక్కడివాళ్లకు చేతిలో ఉన్న విద్య వేరు. ఏటీఎం అనే కొత్తరకం నెట్‌వర్క్ మీద బొమ్మలను, వీడియోను ఎలా పంపాలన్నదే వాళ్ల పని. అందుకు కావలసిన సామాను చేతికందే దూరంలోనే పడుంది.

రండి, దగ్గరికొచ్చి చూడండి. కెమిస్ట్రీ ల్యాబులో గాజు నాళాలు పట్టి నిలబెట్టే రిటార్ట్ స్టాండు తెచ్చారు. దానికి ఒక కెమెరా బిగించి, కారిడార్లోని మెషీన్ వైపు తిప్పారు. కెమెరా నుంచి వైరు నేల కిందుగా లాగి ట్రోజన్ రూమ్‌లోకి తీసుకెళ్లారు. అక్కడ ఏకార్న్ కంపెనీవారి ఆర్కిమెడిస్ కంప్యూటర్ ఉంది, అందులో వీడియోను పట్టి నిశ్చల చిత్రంగా మార్చే కార్డు. ఈ ఆర్కిమెడిస్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఏకార్న్ కేంబ్రిడ్జ్ కంపెనీయే. ఆర్మ్ రకం ప్రాసెసర్‌తో అమ్మకానికి వచ్చిన మొదటి కంప్యూటర్ల వరస ఇదే. ఈరోజు మీ జేబులో ఉన్న ఫోన్‌ను నడిపేది ఆ వంశపు ప్రాసెసరే. అంటే, జగ్గును చూడటానికి మొట్టమొదట వాడిన యంత్రానికీ, మనం ఇప్పుడు వీడియోలు చూస్తున్న యంత్రానికీ రక్తసంబంధం ఉంది.

పాల్ జార్డెట్స్కీ సర్వర్ ప్రోగ్రామ్ రాస్తున్నాడు. కొన్ని సెకన్లకోసారి జగ్గు చిత్రం తీసి సిద్ధంగా ఉంచడం దాని పని. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్ రాస్తున్నది అవతలి సగం. ఎవరి కంప్యూటర్లో వాళ్లు నడుపుకుంటే ఆ చిత్రాన్ని అడిగి తెచ్చుకుని, తెర మీద ఒక మూల చిన్న బొమ్మగా చూపించాలి. దాని పేరు ఎక్స్‌కాఫీ. ఎక్స్ విండో అనే తెరల వ్యవస్థ మీద నడుస్తుంది కాబట్టి ఆ పేరు. అంతా కలిపి దాదాపు ఒక రోజు పని. దీనికి ఎవరూ గ్రాంటు అడగలేదు, కమిటీ కూర్చోలేదు, దీన్ని పరిశోధన అని కూడా ఎవరూ అనలేదు.

ఇప్పుడు మీ సీటులో కూర్చోండి. తెర నిండా మీ కోడ్. కింది మూలన అగ్గిపెట్టెకు అటూ ఇటూగా ఒక బూడిదరంగు చతురస్రం. అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు. రంగు లేదు, శబ్దం లేదు, కదలిక లేదు. నిమిషానికి మూడుసార్లు మాత్రం మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు బురదలో బొమ్మలా ఉంటుంది. కాసేపు చూస్తే కన్ను పోల్చుకుంటుంది: ఈ లేతబూడిద మెషీన్ ఒళ్లు, ఈ వంపు జగ్గు పిడి, ఈ ముదురు పట్టీ కాఫీ. ఆ పట్టీ ఎంత ఎత్తుందన్నదే అసలు వార్త. పట్టీ లేదంటే జగ్గు ఖాళీ. ఇరవై సెకన్లాగితే అడుగున సన్నని గీత పుట్టింది, అంటే ఎవరో ఇప్పుడే కాఫీ పెట్టారు. ఇంకో ఇరవై సెకన్లకు ఆ గీత కొంచెం లావెక్కింది. జగ్గు నిండేది తాపీగా కాబట్టి చిత్రం తాపీగా మారినా లోటు తెలియదు. పట్టీ సగానికి వచ్చిందా, కప్పు తీసుకుని లేవండి. మెట్లు దిగేసరికి జగ్గు నిండి ఉంటుంది.

ఆ చతురస్రం పక్కన పెట్టుకుని వారాల తరబడి పనిచేస్తే ఇంకో సంగతి బోధపడుతుంది. జగ్గులో మట్టాన్ని బట్టి మనుషుల్ని చదవొచ్చు. తెల్లవారుజామున పట్టీ ఎగిసిందంటే కింద ఎవరో నిద్ర కాచి పనిచేస్తున్నారు. సెమినార్ అయ్యాక అయిదు నిమిషాల్లో జగ్గు ఖాళీ. ఎవరో ఒకరు చివరి కప్పు పోసుకుని, కొత్తది పెట్టకుండా జారుకుంటే, ఆ ఖాళీ జగ్గు పదిహేను తెరల మీద ఒకేసారి కనిపిస్తుంది. చేసిందెవరో మాత్రం కనిపించదు. కెమెరా చూపు జగ్గు దగ్గరే ఆగిపోతుంది. మహా అయితే ఒక చిత్రంలో చొక్కా చెయ్యి, ఇంకో చిత్రంలో కప్పు అంచు. ల్యాబు బతుకంతా ఇందులో ఉంది, ల్యాబులోని మనిషి మొహం ఒక్కటీ లేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది అదే. చూసేవాళ్లకు కావలసింది కాఫీ ఉందా లేదా అన్న ఒక్క కబురు. కెమెరా ఆ ఒక్క కబురు చెప్పి ఊరుకుంది. ఎవరెంత తాగారన్న లెక్క, ఎవరెప్పుడు వచ్చారన్న ఆరా దాని పనిలో లేనే లేవు.

కొన్నాళ్లకు బయటివాళ్లకూ తెలిసింది. ఈథర్‌నెట్ కనిపెట్టినవారిలో ఒకడైన బాబ్ మెట్‌కాఫ్ 1992 జనవరిలో కమ్యూనికేషన్స్ వీక్ పత్రికలో దీని గురించి రాశాడు. అయినా బొమ్మ మాత్రం ల్యాబు గడప దాటలేదు. దాటించింది మార్టిన్ జాన్సన్.

1993కు రండి. మార్టిన్ పనిచేసేదీ ఈ లేబొరేటరీలోనే. కాకపోతే ఆయన యంత్రం మిగతావాళ్లు వాడే ప్రయోగ నెట్‌వర్క్‌కు కలిసి లేదు, అందువల్ల ఎక్స్‌కాఫీ ఆయన దగ్గర నడవదు. అందరి తెరల మీదా కనిపిస్తున్న కాఫీ ఆయనకు కనిపించదు. అదే ఏడాది వరల్డ్ వైడ్ వెబ్‌లో ఒక మార్పు వచ్చింది. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంవారు మొజాయిక్ బ్రౌజర్ తెచ్చారు. పేజీలో అక్షరాల మధ్యనే బొమ్మ చూపించే వీలు అందులో ఉంది. అప్పటికి ప్రపంచం మొత్తం మీద వెబ్‌సైట్లు కొన్ని వందలు. ఎవరైనా పేజీలో బొమ్మ పెడితే, పెట్టిన బొమ్మ పెట్టినట్టే ఉంటుంది. రేపు వచ్చి చూసినా అదే. మార్టిన్‌కు, ఆయన సహోద్యోగి డేనియల్ గోర్డన్‌కు తట్టింది ఇది: బొమ్మ కావాలని బ్రౌజర్ అడిగిన ప్రతిసారీ ఒకే బొమ్మ ఇవ్వాలని ఎక్కడుంది? కెమెరా ఇప్పుడే తీసింది ఇస్తే పోలేదా?

మార్టిన్ భుజం మీదుగా తొంగి చూడండి. ఆయన రాస్తున్న స్క్రిప్టు పన్నెండు పంక్తులకు మించదు. ఎవరైనా అడిగితే చాలు, అన్నిటికంటే తాజా చిత్రాన్ని కాపీ చేసి వాళ్లకు పంపడం, అంతే. ఈ చిన్న ముక్క గురించి నేను ఇంత చెప్పడానికి కారణముంది. అప్పటిదాకా వెబ్ పేజీ అంటే అచ్చు కాగితం. ఈ పన్నెండు పంక్తులతో అది కిటికీ అయింది. ఇప్పుడు క్రికెట్ స్కోరు, రైలు ఎక్కడుందో చూపే మ్యాపు, తిరుమల నుంచి ప్రత్యక్ష ప్రసారం, ఏది చూసినా మనం అడుగుతున్నది ‘ఈ క్షణాన అక్కడ ఎలా ఉంది’ అనే. ఆ ప్రశ్నకు వెబ్ ఇచ్చిన తొలి జవాబుల్లో ఒకటి కారిడార్లో కాఫీ ఎంతుందన్నది. 1993 నవంబరులో అది లోకానికి తెరుచుకుంది. తనకు కనిపించని కాఫీ కనబడితే చాలనుకున్నవాడి పుణ్యాన ప్రపంచమంతటికీ కనబడింది.

ఇక వచ్చారు జనం. వేలు, లక్షలు. కాలక్రమంలో చూసినవారి సంఖ్య ఇరవై లక్షలు దాటింది. జపాన్ నుంచి ఈమెయిళ్లు వచ్చాయి: మాకు పగలైనప్పుడు మీకు రాత్రి, కారిడార్లో చీకటి, ఏమీ కనిపించడం లేదు, ఒక దీపం వేసి ఉంచగలరా అని. కేంబ్రిడ్జ్ టూరిస్టు కార్యాలయానికి అమెరికా నుంచి వచ్చినవాళ్లు వెళ్లి కంప్యూటర్ ల్యాబుకు దారి అడిగారు. న్యూటన్ చదివిన ట్రినిటీ కాలేజీ, కింగ్స్ కాలేజీ చాపెల్ ఉన్న ఊరికి వెళ్లి, కాఫీ మెషీన్ ఎక్కడని!

మన దగ్గర ఆ రోజుల్లో ఎలా ఉందో కూడా ఒకసారి చూసుకుందాం. మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా, మొదట నాలుగు మహానగరాల్లో. విద్యార్థులకు అందుబాటు ధరలో దొరికింది షెల్ అకౌంటు. మోడెమ్ కీచుమని అరిచి, గరగరలాడి కలిసేది. కలిశాక నల్లటి తెర మీద అక్షరాలు తప్ప బొమ్మలు వచ్చేవి కావు. మన ఇంజనీరింగ్ విద్యార్థి ఎవరైనా ఆ అకౌంటుతో కేంబ్రిడ్జ్ పేజీకి వెళ్లి ఉంటే, జగ్గు ఉండాల్సిన చోట ఒక పదం కనిపించి ఉంటుంది. చూడలేకపోయినా ఆ కెమెరా సంగతి తెలిసి, ఇలాంటిది చేయొచ్చన్నమాట అని ఆశ్చర్యపోయిన తరం అది. పైచదువులకు అమెరికా వెళ్లాక కొందరు క్యాంపస్ ల్యాబుల్లో మొదటిసారి వెబ్‌లో బొమ్మలు చూశారు.

మళ్లీ పేజీ దగ్గరికి వద్దాం. ఇప్పుడు మీరు పరిశోధకులు కారు, ఎక్కడో వేరే దేశంలో ఉన్న మామూలు మనిషి. పేజీ నింపాదిగా దిగుతోంది, పై నుంచి కిందికి ఒక్కో వరుస. జగ్గు కనిపించింది. మూడొంతులు నిండి ఉంది. ఇంకోసారి తెప్పించారు. కొంచెం తగ్గింది. మీరు నిటారుగా కూర్చున్నారు. ఈ రెండు చిత్రాల మధ్యలో ఎవరో వచ్చి కప్పులో పోసుకున్నారు! పేరు తెలియదు, మొహం తెలియదు. వేల మైళ్ల అవతల, ఇప్పుడే, ఒక మనిషి కాఫీ తాగుతున్నాడు. ఆ మనిషికి మీరు చూస్తున్నారన్న ధ్యాస లేదు. అందుకే ఆ చిత్రంలో నటన లేదు, ముస్తాబు లేదు, చూసేవాడిని కూర్చోబెట్టాలన్న తాపత్రయం లేదు. జనాన్ని కట్టిపడేసింది కొత్తదనం ఒక్కటే అని చాలామంది అంటారు. నేనలా అనుకోను. కొత్తదనం నెలరోజుల్లో తీరిపోతుంది. ఈ జగ్గును జనం దాదాపు ఎనిమిదేళ్లు చూశారు. నిజంగా జరుగుతున్నదాన్ని, తమకోసం తయారుచేయనిదాన్ని చూడటంలో ఒక తృప్తి ఉంది. అది వాళ్లను మళ్లీ మళ్లీ రప్పించింది.

తర్వాత కెమెరాలు మనుషుల వైపు తిరిగాయి. 1996లో అమెరికాలో జెన్నిఫర్ రింగ్లీ అనే కాలేజీ విద్యార్థిని తన హాస్టల్ గదిలో కెమెరా పెట్టి ‘జెన్నీక్యామ్’ మొదలుపెట్టింది. 2003 దాకా నడిపింది. 1999లో నెదర్లాండ్స్‌లో ‘బిగ్ బ్రదర్’ వచ్చింది: ఇంటినిండా కెమెరాలు, లోపల మనుషులు, టీవీలోనూ ఇంటర్నెట్‌లోనూ చూసేవాళ్లు. అది మన ఇళ్లలోకి 2017లో ‘బిగ్ బాస్’గా వచ్చింది, జూనియర్ ఎన్టీఆర్ హోస్టుగా. 2022లో ‘బిగ్ బాస్ నాన్‌స్టాప్’ పేరుతో ఓటీటీలో ఇరవైనాలుగు గంటలూ చూపించారు. ఆ ఇంట్లోవాళ్లకు కెమెరా ఎక్కడుందో ప్రతి క్షణం తెలుసు. గిన్నె తోమినా, కన్నీరు పెట్టినా ఓట్లు గుర్తుంటాయి. అందులో ఆడేవాళ్లను తప్పుపట్టను, ఆట నియమమే అది. కానీ రియాలిటీ అన్న మాటకు తగ్గది ఏదని అడిగితే నా ఓటు ఆ బూడిదరంగు చతురస్రానికే. అక్కడ కెమెరా పదిహేను మంది స్నేహితుల సౌకర్యం కోసం పెట్టుకున్నది. ప్రపంచం వచ్చి చూసినా దాని ముందు ఎవరూ ఏమీ మార్చుకోలేదు. కాఫీ అయిపోతే అయిపోయినట్టే కనిపించింది.

2001 ఆగస్టు 22. మళ్లీ కేంబ్రిడ్జ్. ల్యాబు ఊరి మధ్య నుంచి పడమటి శివారులో కట్టిన విలియం గేట్స్ బిల్డింగ్‌కు మారుతోంది. జగ్గును కూడా తీసుకెళ్లి మళ్లీ పెట్టొచ్చు కదా అని దేశదేశాల నుంచి బతిమాలారు. కానీ ఎప్పుడో ఒక్కరోజులో రాసుకున్న ప్రోగ్రాము, దానికోసమే బతికించుకొస్తున్న పాత యంత్రాలు. వాటిని సాకడం ఎవరివల్లా కావడం లేదు. సర్వర్ పక్కన ముగ్గురు నిలబడ్డారు: క్వెంటిన్, డేనియల్, మార్టిన్. గ్రీనిచ్ కాలమానంలో 9 గంటల 54 నిమిషాలు. మూడు వేళ్లు ఒకేసారి స్విచ్ మీద పడ్డాయి. కెమెరా చివరగా పంపిన చిత్రాల్లో ఒకటి ఆ వేళ్లదే. ఇన్నేళ్లలో ఆ ముగ్గురు కావాలని దాని చూపులోకి వచ్చిన సందర్భం బహుశా అదొక్కటే. మూసివేత వార్తను పెద్ద పత్రికలు మొదటి పేజీలో వేశాయి.

ఇన్నేళ్లలో మెషీన్లు పాడై, మారుతూ వచ్చాయి. ఆఖరున మిగిలింది క్రప్స్ కంపెనీవారిది. దాన్ని ఈబేలో వేలానికి పెట్టారు. జర్మనీ వార్తాసంస్థ స్పీగెల్ ఆన్‌లైన్ 3,350 పౌండ్లకు పాడుకుంది. మామూలుగా చూస్తే పారేయాల్సిన వస్తువు. క్రప్స్‌వాళ్లు డబ్బు తీసుకోకుండా బాగుచేసి ఇచ్చారు, స్పీగెల్ సంపాదకుల గదిలో మళ్లీ ఆన్ చేశారు. 2015 నుంచి అది జర్మనీలోనే పాడర్‌బోర్న్ అనే ఊళ్లో, హైంజ్ నిక్స్‌డార్ఫ్ కంప్యూటర్ మ్యూజియంలో ఉంది. క్వెంటిన్ ఊరికే కూర్చోలేదు. ఒక కంప్యూటర్ తెరను ఇంకో కంప్యూటర్లో చూపించే వీఎన్‌సీని తయారుచేసిన కేంబ్రిడ్జ్ బృందంలో ఆయనా ఒకడు. ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటర్ తెరిచి పనిచేసేవాళ్లలో చాలామంది దాన్నో, దాని సంతతినో వాడినవాళ్లే.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. పాడర్‌బోర్న్ పెద్ద ఊరేమీ కాదు, పర్యాటకుల జాబితాల్లో అంతగా కనిపించదు. అయినా డార్ట్‌మండ్, బీలెఫెల్డ్ వైపు ఉన్నవాళ్లకు రైలెక్కితే చేరువే. ప్రపంచంలోకెల్లా పెద్ద కంప్యూటర్ మ్యూజియం తమదేనని అక్కడి మ్యూజియంవాళ్లు చెప్పుకుంటారు, ఒక పూటలో తిరిగి రావడం కష్టం. వారాంతంలో తీరిక చేసుకుని వెళ్లండి, జగ్గు ముందు కాసేపు ఎక్కువే నిలబడండి.